అల్లుడుగారి బొగ్గుల కోడి

జంగారెడ్డిగూడెం,
సోమవారం

శ్రీమతి ఉషారాణి వదినగారికి వెంకటదుర్గ నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా కులాసా. భీమవరంలో మీరు, అన్నయ్యగారు కులాసా అని తలుస్తాను. ఈ ఉత్తరం జీడిపప్పు డబ్బాలో పెట్టి బస్సు పార్సిల్లో పంపుతున్నాను. ఫోన్ చెయ్యొచ్చుగా అంటారేమో. మనిద్దరం ఫోన్లో మాట్లాడుకుంటే మీ ఇంట్లో అన్నయ్యగారు, మా ఇంట్లో ఈయన స్పీకరు పెట్టమంటారు. పెళ్లిలో ఐస్‌క్రీము గొడవ అలాగే కదా ముదిరింది.

సంగతేంటంటే, అల్లుడుగారు మా ఇంట్లో తినడం లేదు. మొన్న మా ఆశాజ్యోతీ, ఆయనా రాజమండ్రి నుంచి వచ్చారు. నాటుకోడి పులుసు, గారెలు, గుత్తివంకాయ, రొయ్యల వేపుడు అన్నీ చేశాను. నేను నెయ్యి గిన్నెతో ఆయన కుడిపక్క నిలబడ్డాను. మా ఆడపడుచు గారెల పళ్లెంతో ఎడమపక్క నిలబడింది. ఈయన ఎదురుగా కుర్చీ వేసుకుని "మొహమాటపడకండి బాబూ" అంటూనే ఉన్నారు. అయినా అల్లుడుగారు నాలుగు ముద్దలు కెలికి లేచిపోయారు. పెళ్లయి ఏడాది కావస్తోంది, వచ్చినప్పుడల్లా ఇదే వరస. ఆశనడిగితే "ఆయనంతేనమ్మా, వదిలెయ్" అంటుంది. ఎలా వదిలేస్తాను? అల్లుడికి ముద్ద దిగని ఇంటికి కూతురు మాత్రం ఎన్నాళ్లు సంతోషంగా వస్తుంది? నాకు అదే బెంగ. ఆయనకి ఏం ఇష్టమో మీరే చెప్పాలి.

ఇట్లు,
మీ వదిన వెంకటదుర్గ

తా.క.: లేచేటప్పుడు "చాలా బాగుందండీ" అన్నారు. తినకుండా ఎలా తెలిసిందో.


భీమవరం,
గురువారం

వదినగారికి ఉషారాణి నమస్కారాలు. జీడిపప్పు అందింది. గింజ కాస్త చిన్నదైనా రుచిగా ఉంది.

మీ ఉత్తరం చదివి ఆశ్చర్యపోయాను. మా సురేంద్ర తినకపోవడమేంటండీ! ఇక్కడికొస్తే నాలుగుసార్లు మారు అడుగుతాడు. వడ్డించలేక నా నడుం పట్టేస్తుంది. మీ వంటలో లోపమని నేననను, అలా అనే మనిషిని కాను. కాకపోతే మీ మెట్ట ప్రాంతపు కారం మావాడి నోటికి కొత్త కదా.

వాడికి బార్బిక్యూ చికెన్ అంటే ప్రాణం. స్నేహితులతో మేడ మీద బొగ్గుల ముందు నిలబడి ఫొటోలు దిగి స్టేటస్ పెడుతుంటాడు. పద్ధతి రాస్తున్నాను. ముక్కలకి గాట్లు పెట్టి పెరుగు, అల్లంవెల్లుల్లి, కారం, నిమ్మరసం పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. మర్నాడు బొగ్గులు రాజేసి, మంట చచ్చి నిప్పుల మీద బూడిద పూశాక, ఇనప జాలీ మీద పెట్టి తిప్పుతూ కాల్చాలి. మధ్యమధ్య బ్రష్షుతో నూనె రాయాలి. అంతే, బ్రహ్మవిద్యేం కాదు.

ఇట్లు,
ఉషారాణి

తా.క.: దగ్గరుండి మొహమాటపెట్టి వడ్డించండి. మావాడు అడిగి తినే రకం కాదు.


జంగారెడ్డిగూడెం,
సోమవారం

వదినగారికి నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసాయే, హాలు మాత్రం కులాసాగా లేదు.

అల్లుడుగారు వచ్చేలోపు చెయ్యి తిరగాలని నిన్న ఒకసారి చేసి చూశాం. ఇస్త్రీ బండి చిట్టియ్య దగ్గర బొగ్గులు తీసుకున్నాం. బ్రష్షంటే ఈయన పెయింట్ల షాపుకెళ్లి గోడలకి సున్నం వేసేది తెచ్చారు. కుంపటి హాల్లోనే పెట్టాం. అల్లుడికి వాకిట్లో వండిపెడితే, ఇంట్లో పొయ్యి లేదా అని నలుగురూ అనరూ?

నూనె నిప్పుల మీద పడింది. అంతే, ఒకరికొకరం కనపడలేదు. కిందటి నెలే రంగు వేయించిన సీలింగు నల్లబడిపోయింది. పక్కింటి పాపాయమ్మగారు ఇల్లంటుకుందని బిందెడు నీళ్లు తెచ్చి కుంపట్లో కుమ్మరించారు. కోడి ఒకవైపు మాడి, ఇంకోవైపు ఉడికింది. ఈయన రుచి చూసి "ఇది పెడితే ఇక తినడం మాటటుంచు, రావడమే మానేస్తాడు" అన్నారు. ఇందులో ఇష్టపడడానికి ఏముందో నాకు బోధపడలేదు.

ఇట్లు,
వెంకటదుర్గ

తా.క.: ఈయన బనీను మూడుసార్లు ఉతికినా అదే వాసన. వీధికుక్క ఆయన్ని వదలడం లేదు.


భీమవరం,
గురువారం

వదినగారికి నమస్కారాలు.

బొగ్గులు ఇంట్లో ఎవరైనా పెడతారా? తలుపులు మూసి ఉంటే ప్రాణాలకే ముప్పు కదండీ! హోటళ్లలో బల్ల మీదే పెడతారు నిజమే, వాళ్లకి పైన పొగ లాగే గొట్టాలుంటాయి. ఆరుబయట చెయ్యండి. వాకిట్లో వండితే పరువు పోతుందన్నారు, మరి పాపాయమ్మగారు బిందెతో వస్తే నిలబడిందా?

వచ్చే ఆదివారం కాక పై ఆదివారం పిల్లలు మీ ఊరొస్తున్నారట. ఈసారి కూడా మావాడు ఖాళీ కడుపుతో తిరిగొస్తే బాగుండదు, ముందే చెబుతున్నాను.

ఇట్లు,
ఉషారాణి

తా.క.: తినేది ఒక్కడు. చిన్న జాలీ చాలు.


జంగారెడ్డిగూడెం,
మంగళవారం

వదినగారికి నమస్కారాలు. మీరు చెప్పినట్టే అంతా ఆరుబయటే.

ఈయన వెల్డింగు షాపులో జాలీ చేయించారు, మంచమంత ఉంది. చిన్నది అడగడానికి నామోషీ అట. దానికి తగ్గట్టు వాకిట్లో పొడుగ్గా గొయ్యి తవ్వించి, అటూ ఇటూ ఇటుకలు పేర్పించారు. అచ్చం పెళ్లిళ్లకి తవ్వే గాడిపొయ్యిలా తయారైంది. పాపాయమ్మగారు ప్రహరీ మీంచి చూసి, "ఏం ఫంక్షనండీ దుర్గమ్మగారూ? అమ్మాయి కూడా వస్తుందంటగా! మాకు చెప్పనేలేదే?" అన్నారు. ఒక్క మనిషి తినే కోడికి ఇంత పొయ్యి అని ఏ మొహంతో చెప్పను? నవ్వి ఊరుకున్నాను.

ఆదివారం ఎలాగైనా ఆయన చేత తినిపిస్తాను, చూడండి.

ఇట్లు,
వెంకటదుర్గ

తా.క.: పాపాయమ్మగారు మా ఆశ కోసం ఆకుపచ్చ గాజులు కొన్నారట. ఎందుకో తెలీదు కానీ మంచి మనిషి.


భీమవరం,
శుక్రవారం

శ్రీమతి వెంకటదుర్గగారికి,

కుశలప్రశ్నలు అనవసరం. మావారి దగ్గర రొయ్యల మేత అమ్మే గణేష్‌బాబు నిన్న పనుండి మీ ఊరొచ్చాడు. తిరిగొచ్చి, "అమ్మగారూ, ఆదివారం మీ కోడలుగారికి సీమంతమంటగా, ఆ వీధంతా చెప్పుకుంటున్నారండి" అన్నాడు. నా కోడలు నీళ్లోసుకున్న సంగతి మేత అమ్మేవాడు చెబితే నేను వినాలా? ముందు కబురు అత్తింటికి రావాలా, పక్కింటికి వెళ్లాలా? మంచమంత జాలీ ఎందుకో ఇప్పుడర్థమైంది. చిన్నది చాలని సలహా ఇచ్చాను చూడండి, నాదీ బుద్ధితక్కువ.

అబ్బాయికి ఫోన్ చేస్తే "అలాంటిదేం లేదమ్మా" అన్నాడు. వాడి నోరు కూడా మూయించేశారన్నమాట. దీంతోపాటు పంపే రొయ్యల పచ్చడి మీకు కాదు, కోడలికి.

ఇట్లు,
సురేంద్ర తల్లి

తా.క.: పచ్చడిలో కారం తగ్గించాను. ఎన్నో నెలో అదైనా రాయండి.


జంగారెడ్డిగూడెం,
సోమవారం

వదినగారికి వెంకటదుర్గ నమస్కారాలు. మీ ఉత్తరం శనివారం సాయంత్రం అందింది. ఎన్నిసార్లు ఫోన్ చేసినా మీరు ఎత్తలేదు. మా ఆశకి ఏ నెలా లేదు, ఒట్టు. నేను నవ్విన నవ్వే కొంప ముంచింది.

ఆదివారం పొద్దున్నే వీధి వీధంతా దిగింది. పసుపూ కుంకుమా, పళ్లూ, ఒకావిడైతే ఏకంగా చలిమిడి తెచ్చింది. ఆశ బిక్కమొహం వేసింది. అలాంటిదేం లేదని చెప్పాను. "పోనీలెండి, వచ్చాంగా" అని చాపలు పరుచుకుని కూర్చున్నారు. గడప తొక్కిన వాళ్లని ఉత్త కడుపుతో ఎలా పంపను? ఈయన బండేసుకుని వెళ్లి ఇంకా కోళ్లు తెచ్చారు. ఆడవాళ్లం మసాలా పట్టించడంలో పడ్డాం.

బొగ్గుల దగ్గర ఈయన ముక్కలన్నీ మాడ్చేస్తుంటే అల్లుడుగారు లేచొచ్చి, "ఇలా ఇవ్వండి మావయ్యగారూ" అని పట్టకారు తీసుకున్నారు. మావారి పాత లుంగీ అడిగి కట్టుకుని, తలకి తువ్వాలు చుట్టారు. అల్లుడు పొయ్యి దగ్గర నిలబడడమేంటని వారించబోయాను. ఇంతలో ఆకులు చాలలేదని ఎవరో పిలిచారు. ఆ వెళ్లడం వెళ్లడం ఆయన సంగతే మర్చిపోయాను. నిజం వదినగారూ, ఆకు వెయ్యలేదు, వడ్డించలేదు, గ్లాసుడు మంచినీళ్లయినా ఇవ్వలేదు.

జనం పలచబడ్డాక గుర్తొచ్చింది. పరుగున వెళ్లాను. అల్లుడుగారు గోడవార ముక్కాలిపీట మీద కూర్చుని, చేత్తో తొడముక్క పట్టుకుని, మావారితో ఏదో చెబుతూ పడీపడీ నవ్వుతూ తింటున్నారు. పక్కన విస్తరాకులో ఎముకలు గుట్టగా ఉన్నాయి. నన్ను చూసి లేవబోయారు. నేను చటుక్కున తలుపు చాటుకి తప్పుకున్నాను. మళ్లీ కూర్చున్నారు, మళ్లీ తిన్నారు. నాకు ఏడుపొచ్చేసింది. ఏడాది నుంచీ మేం ముగ్గురం మూడుపక్కలా కాపలా కాశాం. ఆయనకి ముద్ద ఎలా దిగుతుంది?

వెళ్లేటప్పుడు "వచ్చే ఆదివారం మళ్లీ వస్తాం అత్తయ్యా" అన్నారు. ఇన్నాళ్లూ "ఏవండీ" అనడమే తప్ప ఆ పిలుపు లేదు.

ఇట్లు,
మీ వదిన వెంకటదుర్గ

తా.క.: గాజులు పాపాయమ్మగారు వెనక్కి తీసుకోనన్నారు. పాడైపోయే వస్తువు కాదుగా, ఉంచమన్నారు.


భీమవరం,
బుధవారం

వదినకి ఉషారాణి రాయునది.

సీమంతం మాట వదిలేశాను. మీ ఉత్తరంలో ఎముకల గుట్ట అన్నచోట ఆగిపోయాను. నమ్మకం కుదరక అన్నయ్యగారికి ఫోన్ చేసి అడిగాను. నిజమేనన్నారు.

వదినా, వాడు మా ఇంట్లోనూ తినడు. నాలుగుసార్లు మారు అడుగుతాడని పరువు కోసం రాశాను. కాలేజీలో చేరిన దగ్గర్నుంచీ వాడు కడుపునిండా తినగా నేను చూడలేదు. ఇక్కడ నెయ్యి గిన్నెతో నేను, పెరుగు గిన్నెతో వాళ్ల నాన్నగారు. చిక్కిపోతున్నాడని ఇంకాస్త దగ్గరగా నిలబడేవాళ్లం.

ఆదివారం నేనూ మీ ఊరొస్తున్నాను, దెబ్బలాటకి కాదు. వియ్యపురాలినని ఎదురు రాకండి, కాళ్లకి నీళ్లివ్వకండి. మీ వీధివాళ్లని కూడా పిలవండి, వాళ్లలో ఓ మూల నిలబడతాను. వాడు తింటుంటే ఒక్కసారి కళ్లారా చూసుకుంటాను. నేనొస్తున్నట్టు వాడికి మాత్రం చెప్పకండి. తెలిస్తే చేతిలో ముక్క పక్కన పెట్టేస్తాడు.

ఇట్లు,
మీ వదిన ఉషారాణి

తా.క.: నాకూ ఆకు వెయ్యొద్దు. పెళ్లిచూపుల నాటి నుంచి మీ ఇంట్లో నేనూ కడుపునిండా తిన్నది లేదు. ఓ తొడముక్క నా చేతికిచ్చి, మీరు కాస్త అటు తిరగండి.