గాజు జాడీలో చొక్కా

వరాజ్దిన్,
అక్టోబరు 12, ఆదివారం

నా మీద కోపమున్నా నాకు మాత్రం ప్రియమైన అత్తయ్యా,

నా గొంతు వినగానే ఫోను పెట్టేస్తున్నారు కాబట్టి ఇలా రాయాల్సి వస్తోంది. చింపాలనిపిస్తే చింపండి గానీ, చదివాక చింపండి. దనిత్సా చేత చదివించుకోకండి. కళ్ళజోడు వెతుక్కుని మీరే చదవండి. మీ అమ్మాయికి తెలియనక్కర్లేని సంగతులున్నాయి ఇందులో.

ఈస్టర్ వెళ్ళిన మంగళవారం పొద్దున్నే మీరు సంచీ సర్దుకుని, "పూలాలో దనిత్సాకి తోడు కావాలంట, వెళ్తున్నా" అన్నారు. దనిత్సాకి మొగుడున్నాడు, ఇద్దరు పిల్లలున్నారు, నోరు మూయని అత్తగారుంది. ఇంకా తోడేమిటి? మీ అబ్బాయి స్టాంకో పోయాక పందొమ్మిది నెలలు మనిద్దరం ఒకే వంటింట్లో ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ బతికాం. క్యాబేజీ కొంచెం ఎక్కువ ఉడికినా నన్ను తిట్టే మనిషి, ఒక్క మాటైనా తిట్టకుండా వెళ్ళిపోయారు. అందుకే నాకు భయం వేసింది. ఏం తప్పు చేశానా అని ఆరు నెలలుగా ఆలోచిస్తున్నాను. చేసిన తప్పు ఒకటుంది. అది మీకు తెలిసే దారి లేదు. అయినా అదేనేమోనని అనుమానం పీకుతోంది. కాబట్టి చెప్పేస్తున్నాను.

మా లేబొరేటరీలో ఈ ఏడాదంతా ఒకటే పని. వినియోగదారుల పత్రిక ఒకటి అప్పగించింది. ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే రంగు డబ్బా ఉన్న బట్టల సబ్బు పొడిని మన ఊళ్ళోనూ, స్లొవేనియాలోనూ, ఆస్ట్రియాలోని గ్రాట్స్‌లోనూ, ఇటలీలోని ట్రియెస్తెలోనూ, హంగరీలోనూ కొనుక్కొచ్చారు. ప్రతిచోటా సూపర్‌మార్కెట్లు తమ సొంత పేరుతో అమ్మే చౌక రకం కూడా కొన్నారు. నూనె, వైను, గడ్డి, రక్తం మరకలు పెట్టిన గుడ్డల్ని ఒకే రకం యంత్రాల్లో, ఒకే నీటితో ఉతికి, తెలుపెంతో కొలిచారు. మీరు ఒప్పుకోరు గానీ, ఇన్నేళ్ళుగా మీరు సరిహద్దు దాటి మోసుకొచ్చుకునే గ్రాట్స్ పొడికీ, మన వీధి చివరి సూపర్‌మార్కెట్ వాళ్ళ సొంత పొడికీ తేడా నూటికి ఒక్క పాయింటు. నన్ను కాదు, యంత్రాన్ని తిట్టండి. మన దగ్గర అమ్మే పెద్ద కంపెనీ డబ్బా కూడా గ్రాట్స్ డబ్బాకి ఇంచుమించు సమానంగానే ఉతికింది. పత్రికవాళ్ళ మొహాలు వాడిపోయాయి. మనకి నాసిరకం అంటగడుతున్నారని పెద్ద అక్షరాలతో వేద్దామనుకున్నారు పాపం. ఇక మిగిలింది వాసన. వాసన కొలవడానికి మా దగ్గర యంత్రం లేదు. మేం ముగ్గురు ఆడవాళ్ళం ఉన్నాం.

ఉతికిన తువ్వాళ్ళని ముదురు గోధుమరంగు గాజు జాడీల్లో పెట్టి, మూత బిగించి, అంకె ఒక్కటే వేసి మా ముందు పెడతారు. ఏ దేశానిదో, ఏ పేరుదో మాకు తెలియదు. మూత తీసి, ఒక్కసారి పీల్చి, తొమ్మిదికి ఎన్ని మార్కులో పెన్సిలుతో రాయాలి. ముగ్గురిలో ఇద్దరి మాట కలిస్తే అదే ఫలితం. పధ్నాలుగేళ్ళుగా ఆ బల్ల దగ్గర నా మాటకి తిరుగులేదని మీకూ తెలుసు.

అత్తయ్యా, జనవరిలో జ్వరం వచ్చి లేచాను చూడండి, అప్పట్నుంచి నాకు వాసన తెలియడం లేదు. రవ్వంత కూడా. మీరు పొయ్యి మీద పెట్టిన ఉల్లిపాయలు మాడితే పక్కగదిలోంచి మీరే పరిగెత్తుకొచ్చి, "కొంప మాడిపోతున్నా కదలవేంటే, మనిషివా మానువా?" అని కేకలేశారు. ఏదో ఆలోచిస్తున్నానన్నాను. అబద్ధం. తొమ్మిది నెలలుగా పక్క బల్ల ల్యెర్కా పెన్సిలు కదలిక చూసి మార్కులు వేస్తున్నాను. ఏడు రాసేటప్పుడు ఆవిడ మణికట్టు ఒకలా తిరుగుతుంది, మూడు రాసేటప్పుడు ఇంకోలా. దొంగతనం కూడా అలవాటైతే చక్కగా వచ్చేస్తుంది.

పోయిన నెలలో ఒకరోజు ల్యెర్కా సెలవు పెట్టింది. ఆ రోజు జాడీల్లో ఒకటి ఏ సబ్బూ లేకుండా ఉత్త నీళ్ళతో ఉతికిన తువ్వాలు. మమ్మల్ని పరీక్షించడానికి అప్పుడప్పుడూ అలా కలుపుతారు. నేను దానికి "లావెండర్, ఏడు" అని రాశాను. మా పెద్దాయన బెరిస్లావ్ నన్ను అనుమానించనే లేదు. "యాగొద పొరబడదు. జాడీలే తారుమారయ్యుంటాయి" అన్నాడు. జాడీలకి అంకెలు వేసేది నద. స్టాంకో అంత్యక్రియల రోజు మన వంటింట్లో నిలబడి గిన్నెలన్నీ కడిగింది, ఆవిడే. ఈ నెల ఇరవయ్యేడు, సోమవారం, ఆమె మీద విచారణ. ఉద్యోగం పోవడం ఖాయం. మొన్న మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకుని, "యాగొదా, ఒక్కో అంకె రెండేసిసార్లు చూసుకుంటానే. నేను కలిపెయ్యలేదు. నువ్వైనా నమ్ముతావా?" అంది. నమ్ముతానన్నాను. ఆ మాట అని ఇంటికొచ్చి కోటు కూడా విప్పకుండా కూర్చుని ఏడ్చాను.

ఇంకొకటి చెప్పాలి. స్టాంకో చొక్కా సంగతి. అతను వడ్రంగం షెడ్డులో కుప్పకూలడానికి ముందురోజు విప్పి కుర్చీ మీద పడేసిన చొక్కా. దాన్ని లేబొరేటరీ నుంచి తెచ్చిన పెద్ద జాడీలో పెట్టి మూత బిగించాను కదా. ఆదివారం భోజనాలయ్యాక మూత పావువంతు తీసి ఒక్కసారి పీల్చేదాన్ని, చొక్కా బయటికి తీసేదాన్ని కాదు. మీరెన్నడూ దగ్గరికి రాలేదు. "మాసిన బట్ట దాచుకునే కొంప ఇదొక్కటే" అని గొణుక్కుంటూ కిటికీ దగ్గర నిలబడేవారు. కానీ నేను మూత వెయ్యగానే, "ఉన్నాడా?" అని అడిగేవారు. "ఉన్నాడత్తయ్యా" అనేదాన్ని. జనవరి తర్వాత కూడా ప్రతి ఆదివారం అదే అన్నాను. నాకు తెలిసింది గాజు చల్లదనం ఒక్కటే. మీరు అడిగే తీరు చూసి లేదనలేకపోయాను.

మీరు వెళ్ళాక ఆ జాడీ ముట్టుకోలేదు. వాసన తిరిగి రావడానికి ఏడాది పట్టొచ్చు, రెండేళ్ళు పట్టొచ్చు, అసలు రాకనూ పోవచ్చు అన్నాడు డాక్టరు. వచ్చే రోజుకని దాచాను. వాసన తెలిసిన రోజున మొదట తెలిసేది అతనే కావాలి. నిజంగా చెబుతున్నాను, ఆ ఒక్క ఆశతోనే పొద్దున లేస్తున్నాను.

నిజం చెబితే ఆ బల్ల దగ్గర నా కుర్చీ పోతుంది. నలభయ్యారేళ్ళ మనిషికి కొత్త పని ఎవరిస్తారు? చెప్పకపోతే నద పోతుంది. ఏం చెయ్యమంటారు? తిట్టినా సరే, ఒక్క ముక్క రాయండి.

ఇంకా మీ కోడల్నే అనుకుంటున్న
యాగొద


పూలా,
అక్టోబరు 18

అమ్మాయ్ యాగొదా,

నీ ఉత్తరం నేనే చదివాను. దనిత్సా కవరు చుట్టూ తిరిగింది, "ఏం రాసిందమ్మా, అంత లావుగా ఉంది?" అని. గుమ్మడి గింజల నూనె తియ్యడం ఎలాగో రాసిందన్నాను.

నద విషయంలో నన్నడగడం ఎందుకు? నీకు తెలుసు. విచారణ దాకా ఆగకు, వెళ్ళి చెప్పు. నేను ఇరవయ్యెనిమిదేళ్ళు ఆస్పత్రిలో బట్టలుతికే గదిలో పనిచేశాను. దుప్పటి పోతే ముందు నిలదీసేది మమ్మల్నే. చెయ్యని తప్పుకి అలా నిలబడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇక ఆ ఒక్క పాయింటు గురించి అంటావా, ఒక్క పాయింటైనా తేడా తేడానే.

ఇప్పుడు నా సంగతి. నీలాగా వరసగా రాయడం నాకు రాదు. ఈస్టర్ ముందు శనివారం నువ్వు బజారుకెళ్ళావు. నేను ఇల్లంతా ఉతికాను. కర్టెన్లు, బల్ల గుడ్డలు, నీ దుప్పటి, ఏటా చేసేదే. అన్నీ ఆరేశాక చూస్తే, ఇంట్లో మాసిన బట్ట అదొక్కటే మిగిలింది. పండగపూట నా కొడుకు ఒక్కడే మాసిన కాలరుతో ఉన్నాడనిపించింది. బడికెళ్ళిన మొదటి రోజు నుంచి పెళ్ళి దాకా మాసిన కాలరుతో వాణ్ణి నేను గడప దాటనివ్వలేదు. శవపేటికలో వాడికి తొడిగింది కూడా నేను ఉతికిన చొక్కానే.

మూత తీశాను. వాడొచ్చాడే. నిజంగా వచ్చాడు, షెడ్డు నుంచి తలుపు తోసుకుని వచ్చినట్టే. అన్నాళ్ళూ నేను దగ్గరికి రానిది అందుకే, తట్టుకోలేనని తెలుసు. వాడు పని నుంచి ఇంటికొస్తే ఏం చేసేదాన్నో నా చేతులు అదే చేశాయి. గ్రాట్స్ పొడి డబ్బా అడుగున మిగిలిందంతా వేశాను. కాలరు రెండుసార్లు రుద్దాను. మురికి నీళ్ళు తొట్టిలోంచి పోతుంటే అప్పుడు తెలివొచ్చింది. తూములో చెయ్యి పెట్టి ఆపాను. నీళ్ళని ఆపి ఏం చేస్తాను? పొయ్యి దగ్గర ఆరబెట్టి, ఇస్త్రీ చెయ్యకుండా ముందున్నట్టే చుట్టి జాడీలో పెట్టేశాను.

మర్నాడు మూత తియ్యగానే నువ్వు అరుస్తావు, నేను నీ ముందు మోకాళ్ళ మీద పడతాను అనుకున్నాను. కర్టెన్ పట్టుకుని నిలబడ్డాను. నువ్వు పీల్చావు. "ఉన్నాడా?" అన్నాను. నువ్వు నవ్వి, "ఉన్నాడత్తయ్యా. ఇవాళ పండగ కదా, మరీ దగ్గరగా ఉన్నాడు" అన్నావు.

సబ్బు పొడి వాసన చూసి నా కొడుకన్నావు. నేనేమనుకోవాలి? సబ్బుల వాసన చూసి జీతం తీసుకునే మనిషివి, నీకు తెలియకపోవడమా? నా కొడుకుని ఎప్పుడో మర్చిపోయి, ముసలిదాన్ని ఊరుకోబెట్టడానికి వారం వారం నాటకమాడుతున్నావనుకున్నాను. నీకు ఇంకెవడో దొరికాడనుకున్నాను. దానికి తోడు నేను చేసింది నీకు చెప్పే ధైర్యం లేదు. అందుకే బస్సెక్కాను. నీ మీద కోపమని నాకు నేను చెప్పుకున్నాను. సగం అదే, మిగతా సగం పిరికితనం.

నువ్వు దాచుకున్నది ఆ జాడీలో లేదమ్మా. నీకు వాసన తిరిగొచ్చినా అక్కడ ఏమీ లేదు. అది తెలియకుండా నువ్వు రోజూ పొద్దున్నే లేస్తున్నావని చదివాక చెప్పకుండా ఉండలేకపోయాను. నన్ను మళ్ళీ ఇంట్లోకి రానివ్వకపోయినా తప్పు పట్టను.

స్టాంకో తల్లి,
ష్టెఫిట్సా


వరాజ్దిన్,
అక్టోబరు 30

అత్తయ్యకు,

ప్రియమైన అని ఇవాళ రాయలేకపోతున్నాను. ఏమనుకోకండి. అనుకున్నా సరే.

ఇరవైమూడో తారీకు బెరిస్లావ్‌కి చెప్పాను. హాస్యమాడుతున్నాననుకున్నాడు. నా కళ్ళు మూయించి, ఒక డబ్బా మూత తీసి ముక్కు కింద పెట్టాడు. "ఏంటిది?" అన్నాడు. తెలియదన్నాను. కళ్ళు తెరిస్తే కాఫీ. ఆయన కుర్చీలో కూలబడి, "తొమ్మిది నెలల పని, యాగొదా" అన్నాడు. అంతకంటే తిట్టలేదు. వాసన మార్కులన్నీ కొట్టేశారు. అన్ని జాడీలూ మళ్ళీ మొదటినుంచి చూస్తారు, నా కుర్చీలో వేరే ఆవిడ. నన్ను కింద యంత్రాల గదికి పంపారు. గుడ్డలు వెయ్యడం, తియ్యడం. పని పూర్తిగా పోలేదు, అదే ఎక్కువ.

నద మీద విచారణ ఎత్తేశారు. ఆవిడ నన్ను క్షమించలేదు. "మెట్ల దగ్గర నమ్ముతానన్నావు. నా మొహంలోకి చూసి అన్నావు" అంది. ఆ రోజు నుంచి భోజనాల వేళ వేరే బల్ల దగ్గర కూర్చుంటోంది. అది న్యాయమే.

మీ ఉత్తరం చదివాక నాలుగు రోజులు జాడీ వైపు చూడలేదు. ఆదివారం మూత పూర్తిగా తీసి చొక్కా బయటికి లాగాను. కాలరు తెల్లగా ఉంది. మీరు రుద్దిన చోట కుట్టు దారం లేచింది. అప్పుడు అరిచాను. మాటలు కాదు, ఉత్త అరుపు. పక్కింటి ముసలాయన గోడ మీద దబదబా బాదాడు. ఆయనకేం తెలుసు?

మీరెందుకు ఉతికారో నాకు అర్థమైంది. అర్థమైతే కోపం పోతుందనుకున్నాను. పోలేదు. మీరు నన్ను అనుమానించినందుకు కాదు, అది నా అబద్ధానికి తగిన శాస్తే. కోపం ఎందుకంటే, ఆ శనివారం అతను మీ దగ్గరికి వచ్చాడు. చివరిసారి అతను వచ్చింది మీ దగ్గరికి, నా దగ్గరికి కాదు. అప్పటికే మూడు నెలలుగా ఖాళీ గాజుకి ముక్కు ఆనించి నవ్వుతున్నదాన్ని నేను.

వచ్చే వారం శుక్రవారం బస్సుకి రండి. మీ మంచం మీద దుప్పటి మార్చాను. నేను అరుస్తాను, మీరు పడాలి. ఎన్ని రోజులు అరుస్తానో నాకే తెలియదు. అరుపులయ్యాక మీరు నా ఎదురుగా కూర్చుని, ఆ రోజు మూత తీస్తే ఏం తెలిసిందో నిదానంగా, ఏదీ వదలకుండా చెప్పాలి. రంపపు పొట్టు, పొగాకు, చెమట అని నేనూ కాగితం మీద రాసుకున్నాను. పేర్లే వస్తున్నాయి. ఇది ఎవరికీ చెప్పలేదు, మీకూ రాయకూడదనుకున్నాను. అతని వాసన ఎలా ఉండేదో నాకు జ్ఞాపకం రావడం లేదత్తయ్యా.

మీ
యాగొద