సుజాతకి నేను నేర్పబోయేది

తాడేపల్లి,
ఆదివారం

ఒరేయ్ సాంబయ్యా,

కన్నకూతుర్ని బతికుండగానే మూలన కూర్చోబెట్టబోతున్నావు, అందుకు నా సాయం అడుగుతున్నావు. అల్లుడు పోయి రెండు నెలలు కాలేదు. ఇరవై రెండేళ్ళ పిల్లకి విధవరాలు ఎలా మెలగాలో నేర్పమని అక్కకి ఉత్తరం రాశావు. "నీకన్నీ తెలుసు, దగ్గరుండి అలవాటు చెయ్యి" అన్నావు. తండ్రివేనా అని అడగబుద్ధయింది.

అక్కడ అందరూ క్షేమమని తలుస్తాను. మరదలి మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? నేను బాగానే ఉన్నాను. నువ్వు నమ్మవు గనక మళ్ళీ రాస్తున్నాను, బాగానే ఉన్నాను.

హాస్టల్లో అరవై మంది ఆడపిల్లలకి వండుతున్నాను. "హరిజనపేట పిల్లలకి వండి మన పరువు తీస్తావా" అన్నావు నేను బయల్దేరిన రోజు. ఆ పిల్లలు తిని బాగుంటే బాగుందంటారు, ఉప్పెక్కువైతే ఎక్కువైందంటారు. నీ ఇంట్లో ముప్పై ఏళ్ళు వండాను, ఉప్పు సంగతే విన్నాను.

యాభై నాలుగేళ్ళకి నాకు రుతువులు తెలుస్తున్నాయిరా. అక్కడ వానాకాలమంటే మిరపలో కలుపు, చలికాలమంటే పత్తి తీత, ఎండాకాలమంటే కల్లంలో తొడిమలు తీయడం, చేతుల మంట. ఇక్కడ ఈ మాఘమాసపు ఎండకి వీపు పెట్టి వరండాలో రేగిపళ్ళు తింటున్నాను. కృష్ణ మీంచి గాలి వస్తుంది. పోయిన వేసవిలో ముంజని వేలితో పొడిస్తే నీళ్ళు మొహమంతా చిందాయి, తుడుచుకోలేదు. తొలివానకి ఆరేసిన బట్టలు తీయబోయి, తీయకుండా తడుస్తూ నిలబడ్డాను. నాలుగు రోజులు జలుబు చేసింది, చేస్తే చేసింది. ఇవేం పెద్ద భోగాలు కావు. ఇంత చిన్నవి కూడా ముప్పై ఏళ్ళు నాకు అందకుండా చూశారంటే మీరెంత కష్టపడి ఉంటారో.

మిరప మొదటి కోత సంగతి చెబుతాను విను. నారు నాటింది నేను, నీళ్ళు కట్టింది నేను. కోత మొదలుపెట్టే పొద్దున మాత్రం కూలీలు చేలో దిగేదాకా నన్ను వెనక గదిలో పెట్టి గడియ వేసేవాడివి. విధవ ఎదురొస్తే కాయ తాలు పోతుందన్నావు. తెగులు తగిలి చేనంతా పోయిన ఏడు కూడా నేను గదిలోనే ఉన్నాను కదరా అంటే, "ఇంట్లోనే ఉన్నావుగా, గాలి సోకింది" అన్నావు. మన చిన్నాన్న, పెళ్ళాం పోయిన ఏడే మళ్ళీ పెళ్ళి చేసుకుని, మొదటి కోతకి అందరికన్నా ముందు తనే చేలో దిగాడు. ఆయన కాయ బాగానే పండింది.

ఆ అలవాటు ఎంత దూరం వచ్చిందో తెలుసా? నేనిక్కడికి వచ్చిన ఏడు, పదో తరగతి పరీక్షల పొద్దున పిల్లలకి టిఫిను పెట్టి, నాకు నేనే సామాన్ల గదిలోకి పోయి తలుపేసుకున్నాను. ఎవరూ పొమ్మనలేదు. పిల్లలు వెతుక్కుంటూ వచ్చారు.

"పెద్దమ్మా, లోపలేం చేస్తున్నావు?"

"పరీక్షకి పోతున్నారు, నేను ఎదురు రాకూడదమ్మా."

"సిరాబుడ్డి లోపలే ఉంది. నువ్వు రాకపోతే పోయావు, అదన్నా బయటికి పంపు" అంది కరుణ అనే గడుగ్గాయి.

తలుపు తీయగానే చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి గేటు దగ్గర నిలబెట్టారు. పద్నాలుగు మందీ నా మొహం చూసే వెళ్ళారు. ఒక్కతే లెక్కల్లో తప్పింది. అది చదవలేదు.

ఎవరూ తోయకుండానే గదిలోకి పోయాను చూడు, అదిరా నువ్వు సుజాతకి నేర్పమంటున్న విద్య.

నేను మాత్రం మంచిదాన్నా? సుజాతకి ఏడేళ్ళప్పుడు కనకాంబరాలు తెచ్చి నా తల్లో పెట్టబోయింది. చెంప పగలగొట్టాను. "ఎందుకు కొట్టావత్తా" అంటే, "నన్ను ముట్టుకుంటే నీకూ ఇదే గతి" అన్నాను. ఇప్పుడు ఆ పిల్ల మూలన కూర్చుని ఆ మాటే తలుచుకుంటోందేమో. ఆ మాట తప్పు అని దాని మొహం మీద చెప్పాలి. నేను దానికి నేర్పేది అదొక్కటే.

నలుగురూ ఏమంటారో అని రాశావు. ఆ నలుగురిలో మొదటివాడివి నువ్వే. నువ్వు నోరు మూసుకుంటే ముగ్గురే మిగులుతారు.

పెద్దనాన్నకీ, పెద్దమ్మకీ నా నమస్కారాలు, వాళ్ళ ఆశీస్సులు నాకు కావాలి. పెద్దదాన్ని గనక నిన్ను దీవించాలి. ఈసారికి దీవించను.

నీ అక్క,
నాగరత్నం

నువ్వు చేయవలసినవి:

ఈ ఉత్తరం సుజాత చేతికివ్వు. ముందు నువ్వు చదివినా సరే, చించకు.

మొదటి కోత రోజు దాన్ని గదిలో పెట్టొద్దు.

తీసేసిన గాజులు దానికి తిరిగివ్వు. వేసుకుంటుందో లేదో దాని ఇష్టం.

ఇంటర్ సర్టిఫికెట్లు, రంగు చీరలు పెట్టెలో సర్దించు.

వచ్చే శుక్రవారం మార్టూరులో విజయవాడ బస్సు ఎక్కించు. తాడేపల్లిలో నేను దింపుకుంటాను. నువ్వు వెంట రావద్దు.

ఈలోగా అది ఏడిస్తే ఏడవనివ్వండి. నవ్వితే, ఎందుకు నవ్వావని అడగొద్దు.