బాలింతకి పంపిన పెట్ట

మరియమ్మ వదినా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ సమాధికి సున్నం వేయించి వచ్చేసరికి మా దొడ్లో ఇంకో కోడి చచ్చి ఉంది. గుడివాడ నించి వచ్చిన పశువుల డాక్టరుగారు దాన్ని కోసి, కడుపులో రక్తపు చుక్కలు చూపించారు.

"కొక్కెర తెగులమ్మా. మేత వల్ల రాదు, జబ్బు కోడి వెంట వస్తుంది."

అప్పట్లో నీ కోళ్లన్నీ ఊపిరాడక, మెడలు తిరిగి చచ్చిపోతే, తడి తవుడు పెట్టి చంపావన్నాను. మా అమ్మ ముందే అన్నాను. అమ్మ నిన్ను మళ్లీ కోళ్లగూడు ముట్టుకోనివ్వలేదు.

అంతకు వారం ముందు, బాలింతవి గుడ్లు తింటావని నేను పంపిన పెట్ట, మా దొడ్లో ఉండగానే తుమ్మింది. అది చచ్చేలోగా ఇచ్చేద్దామనుకున్నాను.

"ఇక్కణ్ణించి ఎప్పుడైనా ఎవరికైనా కోడినిచ్చారా?" అని అడిగారు డాక్టరుగారు.

లేదండీ అన్నాను.