నైలాను దారం తెచ్చిన మనిషి

చెల్లీ పైడమ్మా,

ఈ ఉత్తరం ఎందుకులే అని ఒకసారి కలం మూసేశాను. బతికుండగానే, నేను ఊళ్లో లేనప్పుడు రాసిన ఉత్తరాలు పక్కింటివాళ్ల చేత చదివించుకునేదానివి, వాళ్లేమో సగం మింగేసేవారు. ఇప్పుడు ఆ సగం కూడా లేదు. అయినా చెప్పకుండా ఉండలేను.

ఇవాళ మన కళింగపట్నంలో మళ్లీ ఒకడు దిగాడు. ఆ పాతవాడు కాడు గానీ మాటలవే. ఇంట్లో కూర్చుని నైలాను వలలు అల్లొచ్చట, దారానికి ముందు డిపాజిట్ కట్టాలట, అల్లినవన్నీ కంపెనీయే కొంటుందట. అప్పుడు నువ్వు ముక్కుపుడక తాకట్టుపెట్టి కట్టావు. ముడులు బాగోలేవని ఆ పాతవాడు నీ వలలు తిప్పి పంపాడు. జ్వరంలోనే అన్నీ విప్పి మళ్లీ అల్లావు. ఆ జ్వరం తగ్గలేదు.

ఇవాళొచ్చినవాణ్ణి నీ కూతురు గౌరి గుమ్మంలోనే ఆపింది.

"వల అల్లమన్నోడు దారమిచ్చి, పైన బయానా ఇస్తాడు. పనీ నాదే, డబ్బులూ నావే అయితే మరి నీదేటి బాబూ?"

"కంపెనీ రూలమ్మా."

"అయితే కంపెనీనే అల్లుకోమను."

నీకు లేని నోరు దానికొచ్చింది.

వాడు దారం సంచీ తీసుకుని ఎదురింటికి నడిచాడు. వద్దని చెప్పడానికి నేనూ వెళ్లాను.

"నీ సెల్లికి అల్లడం రాలేదు మావా, మాకొచ్చు" అంది ఆ ఇంటి కోడలు.

కొంగుముడి విప్పి డిపాజిట్ కట్టింది.