పోగు తెగిందని చెప్పిన చెయ్యి

సిరిసిల్ల,
ఆదివారం.

బాపుకు,

నీ బిడ్డ మానస నమస్కారాలు. అమ్మ బాగుంది, నేను బాగున్నాను. అక్షయ్ ఈ గదిలోనే చల్లటి నేల మీద పడుకుని ఫ్యాన్ తిరగడం చూస్తున్నాడు. కాబట్టి అందరం క్షేమం అన్న మాట ఈసారి అలవాటుగా రాయడం లేదు, నిజంగా లెక్క చూసుకుని రాస్తున్నాను. నువ్వు వేళకు తింటున్నావని, మధ్యాహ్నం ఎండలో మీకు పని ఆపుతున్నారని అనుకుంటున్నాను.

పోశం మామ నీ ఉత్తరం, ఖర్జూరాలు తెచ్చిచ్చాడు. ముత్యం మామ బుధవారం దుబాయ్ తిరిగి వస్తున్నాడు కదా, ఈ కవరు ఆయన చేతికి ఇస్తున్నాను. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. అక్కడ నీ రూములో పది మంది ఉంటారు, ఇక్కడ నాకు గొంతు లేవదు. పైగా నీ సంతకం కాగితం మీదే కావాలి. ఆ సంగతి చివర రాస్తాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. అమ్మ మోకాలి వాపు తగ్గింది. మరమగ్గాల షెడ్డుకు పోయి సాంచాలకు కండెలు చుట్టడం మళ్లీ మొదలుపెట్టింది, వద్దంటే వినదు. నా బి.ఎడ్. పరీక్షలు వచ్చే నెల. లైబ్రరీకి పోవడం మానలేదు. మన ఇంటి ముందు మురికి మోరీ ఎట్టకేలకు బాగుచేశారు.

"అక్షయ్ నర్సును కొట్టిండని మీ చిన్నబాపు జలపతి అంటుండు, నిజమేనా బిడ్డా?" అని రాశావు. కొట్టలేదు. ఆమె చేతికి దెబ్బ తగలడం మాత్రం నిజం. జరిగింది జరిగినట్టు రాస్తాను, ఓపికగా చదువు.

కోరుట్లలో చిన్నబాపు కొత్తింటి గృహప్రవేశానికి నేను, అక్షయ్ పోయాం. మోకాలి నొప్పితో అమ్మ ఇంట్లోనే ఉంది. రెండో రోజు పొద్దున వాడు ఏమీ తినలేదు. ఇల్లంతా చుట్టాలు, మైకు పాటలు, అందుకే అలిగాడనుకున్నాం. మధ్యాహ్నం వాంతి చేసుకుని మూలకు ముడుచుకుని పడుకున్నాడు. చిన్నబాపు తన కారులో మమ్మల్ని జగిత్యాల తీసుకుపోయాడు. ఆసుపత్రి పేరు రాయడం లేదు.

పెద్ద డాక్టర్ పొట్ట మీద వేళ్లు పెట్టబోతే అక్షయ్ ఒళ్లంతా విదిలించాడు. నేను వాడి ఆటిజం సర్టిఫికెట్ చూపించాను. దాన్ని చూశాక ఆయన మళ్లీ పొట్ట జోలికి పోలేదు. కొత్త చోటుకు బెదిరాడు, అంతే అన్నాడు. నిద్ర ఇంజెక్షన్ రాసి, మగవాళ్ల వార్డులో పెట్టమన్నాడు. వాంతి సంగతి ఆయనకు చెప్పాలని నేను చెయ్యి ఎత్తి నిలబడ్డాను. కాన్వెంట్‌లో అట్లాగే అలవాటు చేశారు కదా, చెయ్యి ఎత్తాలి, పిలిచేదాకా ఆగాలి. ఆయన చూడలేదు. కాసేపటికి చెయ్యి దించుకున్నాను.

వార్డులో వాడు ఒకటే పని చేశాడు. కుడిచెయ్యి పైకెత్తి, అరచెయ్యి తెరిచి, గాలిలో రెండుసార్లు కిందికి కొడతాడు. ఆగి మా ముఖాలు చూస్తాడు. మళ్లీ రెండుసార్లు. హేమలత అనే నర్సు సెలైన్ పెట్టడానికి వంగినప్పుడు ఆ చెయ్యి ఆమె మణికట్టు మీద పడింది.

"అవ్వో, కొడ్తుండు గీయన! చూడు చెల్లె, ఎట్ల ఎర్రగైందో. మాయి పానాలు గావా?"

బ్యాండేజీ గుడ్డతో రెండు చేతులూ మంచానికి కట్టారు. వాడు కట్టిన చేతితోనే ఇనుప పట్టీని రెండేసి సార్లు కొట్టాడు. ఇంకో ఇంజెక్షన్ ఇచ్చారు. నిద్రలో నుంచి తేలినప్పుడల్లా మళ్లీ అదే.

మరునాడు పదకొండింటికి అమ్మ బస్సు దిగి కుంటుకుంటూ వచ్చింది. వార్డు తలుపు దగ్గర వాచ్‌మన్ ఆపాడు.

"మగోళ్ల వార్డమ్మా. ఆడోళ్లు ఇప్పుడు పోవద్దు."

"మగోన్నే కన్న. తొవ్వ ఇడువు."

లోపలికి వచ్చి వాడి చేతుల వైపు చూసింది. వాడు అమ్మను చూసి పట్టీని రెండుసార్లు కొట్టాడు. నువ్వు అమ్మ అరుపు విని ఎన్నేళ్లయిందో కానీ, ఆ రోజు వార్డంతా విన్నది.

"ఎవలు కట్టిన్రే గీ చేతులు? సాంచా బంద్ చెయ్యుండ్రి, పోగు తెగిందంటుండు గదా! నిన్నటిసంది గదే మొత్తుకుంటుంటే ఒక్కలకు సమజ్ గాలేదా?"

బాపూ, నీకు ఆ సైగ గురించి చదవగానే తెలిసిపోయి ఉంటుంది. సాంచాల చప్పుడులో మాట వినబడదని షెడ్డులో మీరంతా చేతులతోనే మాట్లాడుకుంటారు. అక్షయ్ నాలుగేళ్లప్పటి నుంచి అమ్మ పక్కన ఆ షెడ్డులోనే పెరిగాడు. ఇరవై రెండేళ్లు వచ్చినా వాడికి మాట రాలేదని అందరికీ చెప్పుకుంటూ వచ్చాం. వాడు నేర్చుకున్న మాట అదే.

డ్యూటీలో ఉన్న చిన్న డాక్టర్ ప్రకాశ్ అమ్మ దగ్గరికి వచ్చాడు.

"ఏం పోగమ్మా? ఈడ సాంచా ఏడున్నది?"

"యాడనో నొస్తుంది సారు. నొస్తె వాడు గట్లనే అంటడు. ఏడ తెగిందో అడుగుండ్రి, చూపిస్తడు."

"నేనెట్ల అడగాలె?"

"ముందుగాల చేతులు ఇప్పుండ్రి."

ఆయనే ముడి విప్పాడు. అమ్మ చూపుడువేలు అడ్డంగా తిప్పి కనుబొమలు ఎగరేసింది. అక్షయ్ చెయ్యి మెల్లగా వచ్చి పొట్టకు కుడివైపు, కింద ఆగింది. స్కాన్ తీస్తే అపెండిక్స్. ఇంకొక్క పూట ఆగితే లోపల పగిలిపోయేదన్నారు. సాయంత్రానికి ఆపరేషన్ అయిపోయింది.

తర్వాత ఆరు రోజులూ వార్డులో నేనే ఉన్నాను. వాచ్‌మన్ రోజూ బయటికి పొమ్మన్నాడు, నేను రోజూ స్టూల్ మీదే కూర్చున్నాను. అమ్మను అడిగి వాడి సైగలన్నీ ఒక కాగితం మీద రాసి, మంచం పైన గోడకు అంటించాను. ఇతని పేరు అక్షయ్. ముట్టుకునే ముందు మీ చెయ్యి చూపించండి. ఇట్లా అంటే నొప్పి, ఇట్లా అంటే దాహం, ఇట్లా అంటే చాలు. హేమలత రెండుసార్లు పీకేసింది, "పెద్ద సారు చూస్తే నన్ను తిడ్తడు చెల్లె" అని. రెండుసార్లూ మళ్లీ అంటించాను. మూడోసారి అంటిస్తుంటే ఆమే ప్లాస్టర్ తెచ్చిచ్చింది. "గా గమ్ము ఆగది, గిది పెట్టు. సూది ఏస్తున్న అని ఎట్ల చెప్పాలె?" అని అడిగింది. చూపించాను. వాడు ఆమె వైపు చెయ్యి చాచాడు.

అయినా పెద్ద డాక్టర్ డిశ్చార్జి కాగితంలో, ఇతను దాడి చేసే మనిషి, శాశ్వతంగా ఏదైనా కేంద్రంలో చేర్చడం మంచిది అని రాశాడు. చిన్నబాపు ఆ కాగితం పట్టుకుని ఒక హోమ్ చూసి వచ్చాడు. నీ సంతకం కోసం నీకు పంపింది వాళ్ల ఫారమే. చిన్నబాపు చెడ్డవాడు కాదు. ఆసుపత్రికి కారు తీసింది ఆయనే, రక్తం ఇస్తానన్నది ఆయనే. కానీ మొన్న మన ఇంటికి వచ్చి అమ్మ ముందు అన్న మాటలు రాస్తాను.

"వదినె, నీ మోకాళ్లు పోయినయి. అన్న దుబాయిల. రేపు మానస లగ్గమైతే గీన్ని ఎవలు సూస్తరు?"

"నేను పంపను చిన్నబాపు" అన్నాను.

ఆయన నవ్వాడు. "ఇగో, మా మానసకు గొంతున్నదా! ఇన్నవా వదినె? బుక్కులు మాట్లాడుతున్నయి!"

నన్ను ఒప్పించడానికి ఆయనే ఆ హోమ్‌కు తీసుకుపోయాడు. ముందు పూలకుండీలు, లోపల ఫినాయిల్ వాసన. పొద్దున పదింటికి ఇరవై మంది ఎదిగిన మనుషులు బెంచీల మీద కూర్చుని ఉన్నారు. ఒక్కరూ కదలడం లేదు. ఇంత నిశ్శబ్దంగా ఎట్లా ఉన్నారని అడిగితే, "గోలీలేస్తమమ్మా, మంచిగుంటరు" అన్నాడు మేనేజరు. వాళ్లలో ఎవరి చేతులూ కట్టలేదు. కట్టాల్సిన అవసరం లేకుండా చేశారు. అక్కడ అక్షయ్ చెయ్యి ఎత్తాలనుకున్నా లేవదు బాపూ. మళ్లీ వాడి కడుపులో ఏదైనా తెగితే ఎవరికీ తెలియదు.

ఇప్పుడు నీకు చెప్పకుండా దాచింది చెప్పాలి. పైన "కట్టారు" అని రాశాను. ఎవరు కట్టమన్నారో రాయలేదు. కట్టాలంటే ఇంటివాళ్ల సంతకం కావాలని హేమలత కాగితం తెచ్చింది. చిన్నబాపు అప్పటికే కోరుట్లకు వెళ్లిపోయాడు. చదివాను. ఒక్కో పదం అర్థమైంది. వద్దు అనాలనుకున్నాను. అందరూ నన్నే చూస్తున్నారని, గొడవ ఎందుకని, సంతకం పెట్టాను. గుండ్రటి అక్షరాలతో, గీత మీద. పధ్నాలుగు గంటలకు పైగా వాడు మమ్మల్నందరినీ అడుగుతూ ఉన్నాడు, నేను పక్కనే కూర్చుని పుస్తకం చదివాను. నువ్వు నన్ను షెడ్డు దుమ్ముకు దూరంగా, తలుపు మూసి చదివించావు. అందులో నీ తప్పేం లేదు. ఆ తలుపు ఒక్కసారి కూడా తీసి చూడనిది నేను. వాడు అన్నీ చెప్పాడు. చదువుకున్నదాన్ని నాకే ఆ మాట రాలేదు.

అందుకే రోజూ పొద్దున ఇప్పుడు షెడ్డుకు పోతున్నాను. అమ్మ, అక్షయ్ నేర్పుతున్నారు. నేను తప్పు సైగ చేస్తే వాడు పొట్ట పట్టుకుని నవ్వుతాడు. కుట్లు ఇంకా మానలేదు, అయినా నవ్వుతాడు.

పోయిన సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి పోయాను. ఒక్కదాన్నే. నా ముందు నలభై మంది ఉన్నారు. చట్టం ప్రకారం వాడికి సంరక్షకుడివి నువ్వు. నీతో పాటు నన్ను కూడా పెట్టమని అర్జీ ఇచ్చాను. తీసుకున్న మేడమ్ "గట్టిగ చెప్పమ్మా, వినబడ్తలేదు" అన్నది. గట్టిగా చెప్పాను. వెనుక లైన్‌లో ఉన్నవాళ్లు కూడా విన్నారు. తండ్రి ఒప్పుకోలు సంతకంతో కావాలన్నది. ఆ కాగితం ఈ కవరులో పెట్టాను, సంతకం చేసే చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టాను.

నీ ఉత్తరం చివర "నీ మాట ఏందో రాయి బిడ్డా" అన్నావు. రాస్తున్నాను. చిన్నబాపు పంపిన ఫారం మీద సంతకం చెయ్యకు. నువ్వు పెద్దవాడివి, చేస్తే ఆపలేను. కానీ అది పట్టుకుని హోమ్ వాళ్ల కారు మన గల్లీలోకి వచ్చిన రోజు నేను తలుపు తియ్యను. చిన్నబాపు వచ్చినా తియ్యను, ఫోన్‌లో నువ్వు చెప్పినా తియ్యను. నీ మాటకు ఎదురు చెప్పడం నాకు ఇదే మొదటిసారి. కోపం వస్తే కోప్పడు. నేను రాసింది మాత్రం కొట్టెయ్యను.

ఇట్లు,
నీ బిడ్డ, అక్షయ్‌కు అక్క,
మానస