వల మీద బూట్లు

2002 జూలై, గురువారం

పోయిన నెల క్లాసుకి వల తెచ్చి, వల కళ్లతో ఎక్కాలు నేర్పుతుంటే, "చేపల కంపేటమ్మా, ఇది బడా, బజారా?" అని హెడ్మాస్టరు బయట పారేయించాడు. ఈరోజు తనిఖీకొచ్చిన ఆఫీసరు కొత్త పద్ధతులేమున్నాయని అడిగితే, వల పాఠం తన ఆలోచనేనన్నాడు హెడ్మాస్టరు.

"అయితే మీరే చెప్పండి" అన్నారు ఆఫీసరు.

నవ్వాపుకుని వల తెచ్చి నేల మీద పరిచాను. హెడ్మాస్టరు బూట్లతోనే దాని మీదికెక్కాడు. జాలరిపేట పిల్లలు బిగుసుకుపోయారు. వాళ్లలో పోలమ్మ లేచింది.

"వల మాకు అమ్మోరండి, తొక్కకూడదు. మొన్న టీచరమ్మ ఈ పాఠం సెప్పినప్పుడు సెప్పులిప్పీసినారు."

అందరి ముందూ వంగి బూట్లు విప్పుకున్నాడు. నేను ముందే చెప్పగలిగేదాన్నే. చెప్పలేదు.

ఆ కోపం రేపు పోలమ్మ మీద చూపిస్తాడేమో. చెయ్యెత్తనీ, చూస్తాను. నా దగ్గర పడవ తెడ్డు పాఠం కూడా ఉంది.