పురిటి మూలలో బాతుపిల్లలు

కల్లూరు
1936 ఫిబ్రవరి 9

నా తోడబుట్టిన దావీదురాజన్నకు చెల్లెలు వరమ్మ వందనాలు.

అన్నా, నీ ఉత్తరం అంది పదిరోజులైంది. మా చిన్నపిల్ల ఏసుమణిని ఈస్టరుకు ముందే నీ కొడుకు ఏసురాజుకు ఇచ్చి పెళ్ళి చేయమన్నావు. అక్క చనిపోయిన ఇంటికి చెల్లెలు పోవడం మనవాళ్ళలో ఉన్నదే. మా ఇంటాయన కూడా, "మీ అన్నాచెల్లెండ్ల మాట, నడమ నేనెందుకు" అన్నాడు. సరేనని రాద్దామనే కూచున్నాను. రాయలేకపోయాను. ఎందుకో చెప్తాను, నవ్వుకోకుండా చదువు.

మా ఇంట్లో ఇప్పుడు తొమ్మిది బాతుపిల్లలున్నాయి. బాతు సరిగా పొదగదని గుడ్లు కోడి కింద పెట్టాను. పిల్లల్ని ఎక్కడుంచానో తెలుసా? మన పెద్దపిల్ల కృపమణి పురిటికి వస్తుందని చాపలు కట్టి మరుగు చేసిన మూలలో. అది రానేలేదు కదా. చాపలు విప్పడానికి నాకు చేతులాడలేదు. అక్కడే ఊక పరిచి వీటిని వదిలాను. ఇల్లంతా ఒకటే కంపు, పూటపూటకూ ఊక మార్చాలి. నీళ్ళు మూకుట్లో పెట్టి, దిగి తడవకుండా నడుమ రాయి పెట్టాలి. పెరిగేకొద్దీ చోటు చాలక చాప జరిపాను, మళ్ళీ జరిపాను. ఇప్పుడు ఇల్లు వాటిది, వసారా మాది.

పోయినసారి పిల్లల్ని పదిరోజులకే కాలువలో వదిలాను. నీళ్ళ జీవాలే కదా అనుకున్నాను. ముచ్చటగానే ఈదాయి. గట్టెక్కాక వణికి వణికి ఎనిమిదీ చచ్చిపోయాయి. కాలువ నీళ్ళు వదిలే లస్కరు ఉరుకుందప్ప తర్వాత చెప్పాడు, "తల్లి బాతు జిడ్డు అంటని పిల్లలక్కా. ఈకలొచ్చేదాకా నీళ్ళకు తట్టుకోవు" అని.

కృపమణిని పదమూడో ఏట నీ ఇంటికి పంపినప్పుడూ అంతేనన్నా. మేనమామ ఇల్లే కదా అనుకున్నాను. నీకు చెప్పని మాట ఒకటుంది. ముందటేడు క్రిస్మసుకు వచ్చినప్పుడు అది నా కొంగు పట్టుకుని, "నన్ను యాడికీ పంపొద్దమ్మా, ఇంగ రొన్నాళ్ళు ఈడనే ఉంటా" అని ఏడ్చింది. నలుగురూ ఏమనుకుంటారోనని నేనే తల దువ్వి బండెక్కించాను. పదిహేనేళ్ళకే కాన్పులో పోయింది. నిన్ను తిట్టుకున్నాను, ఏసురాజును తిట్టుకున్నాను. పంపింది మాత్రం నేను.

నిన్న ఏసుమణి బాతుపిల్లలకు నూకలు వేస్తూ, "అమ్మా, వీటిని ఈకలొచ్చినంక గదా బయటికి ఇడుస్తావు? మరి నన్ను ఈస్టరుకే పంపిస్తాండావే?" అంది. దానికి పన్నెండేళ్ళు. నేను ఊక ఎత్తిపోస్తూ ఉండిపోయాను.

పిల్లనివ్వను అన్నా. పుట్టింటి గడప నాకు లేకుండా పోయినా సరే. కోపమొస్తే కోప్పడు, జవాబు మాత్రం రాయి.

నీ చెల్లెలు
వరమ్మ

ఆలూరు
1936 ఫిబ్రవరి 20

అమ్మా వరమ్మా,

నీ ఉత్తరం చదివి ఏసురాజుకూ ఇచ్చాను. వాడు చదువుకుని చేను గట్టు మీదికి పోయి కూచున్నాడు.

నీకు చెప్పని మాట నా దగ్గరా ఉంది. ఏడో నెలలోనే కృపమణి పుట్టింటికి పంపమని అడిగింది. కూలీలు దొరకని కాలం. "శెనక్కాయ పీకినంక పోదువులేమ్మా" అన్నాను. మళ్ళీ అడిగింది, మళ్ళీ అదే అన్నాను. చేను పని అయిపోయి బండి కట్టేలోపలే నొప్పులొచ్చాయి. పోయేముందు నా చెయ్యి పట్టుకుని, "మామా, చెల్లెల్ని అప్పుడే ఎవురికీ ఇయ్యొద్దని అమ్మతో చెప్పు" అంది. సరేనమ్మా అన్నాను. చెప్పకపోగా ఆ పిల్లనే అడిగాను. ఇంట్లో ఆడదిక్కు లేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఏసుమణిని ఇవ్వొద్దు. మాకే కాదు, అది పెరిగి పెద్దదయ్యేదాకా ఎవరికీ ఇవ్వొద్దు. ఇది కృపమణి మాట. ఇన్నాళ్ళూ నా దగ్గర దాచుకున్నాను.

నీ పుట్టింటి గడప ఎక్కడికీ పోదు తల్లీ. నీ గడప తొక్కడానికి నాకే మొహం లేదు. బాతుపిల్లలకు ఈకలొచ్చి బయటికి పోయినంక ఒక కార్డు ముక్క రాయి. ఆ చాపలు నువ్వు విప్పొద్దు. నేనొచ్చి విప్పుతాను.

నీ అన్న
దావీదురాజు